ఫ్రెంచి క్రియాపదము – రెండు విభజనలు



'మేము పాడుచుంటిమి' అని చెప్పవలసినపుడు ఫ్రెంచివారు 'నూ షాఁత్యోఁ' అందురు. ఇందు మొదటి మాట 'మేము' అను సర్వనామము. దానిని ప్రక్కనుంచి 'షాఁత్యోఁ' అను క్రియాపదమును మాత్రము విడదీసి చూపుడని ఇరువురిని కోరినయెడల, ఆ ఇరువురును రెండు వేర్వేరు చోట్ల గీతలు గీయుదురు. చెవిని ప్రమాణముగా గొన్నవాడు 'షాఁ', 'త్యోఁ' అని రెండక్షరములు చేయును. అర్థమును ప్రమాణముగా గొన్నవాడు, 'పాడు' అను అర్థముగల 'షాఁత్' అను ధాతువు, గతకాలమున పని సాగుచుండుటను తెలుపు 'ఇ' అను ప్రత్యయము, ఉత్తమపురుష బహువచనమును తెలుపు 'ఓఁ' అను ప్రత్యయము అని మూడు భాగములు చేయును. ఒకని గీత తకారమునకు ముందు పడినది. మరియొకని గీత తరువాత పడినది. ఇరువురును సరియైన పనియే చేసిరి. ఈ రెండు విభజనలను వేర్వేరుగా అభ్యసింపక ఫ్రెంచి క్రియను నేర్చుకొనుట సాధ్యము కాదని నా దృఢవిశ్వాసము. అంతియే గాక, ఆ భాషలోని క్రియాపదముల చరిత్రయంతయు ఈ రెండు గీతల నడుమ వేయిసంవత్సరములకు పైగా సాగిన వ్యవహారమే యని చెప్పిన అతిశయోక్తి కానేరదు.

ఇట్టి భేదము మనకు క్రొత్త కాదు. 'చెప్పెదను' అని పలికినపుడు 'చెప్-పె-ద-ను' అని నాలుగక్షరములు వినబడును. వ్యాకరణరీతిని చూచిన 'చెప్పు' అను ధాతువు, 'ఎద' అను కాలబోధకము, 'ను' అను పురుషబోధకము అని మూడే భాగములు. ధాతువు చివరి ఉకారము సంధివశమున లోపింపగా, దానినంటియున్న పకారము ప్రత్యయములోని ఎకారముతో జతగూడినది. అయినను మనము దీనిని విశేషముగా గమనింపము. ఏలయన తెలుగున ఏ భాగమును చెవికి అందకుండ పోదు. ఫ్రెంచిలో సంగతి అట్లు కాదు. అందు వ్రాసిన భాగము పలుకబడకపోవచ్చును, పలికిన ధ్వని ఏ భాగమునకును చెందకపోవచ్చును, ఒక పదము చివరి హల్లు మరియొక పదములో జేరి వినబడవచ్చును.

అక్షరవిభాగమునకు వారి సూత్రము సరళమైనదే. రెండు అచ్చుల నడుమ ఒకే హల్లు ఉన్నచో అది తరువాతి అచ్చుతో బోవును. రెండు హల్లులున్నచో ఒకటి వెనుకకును ఒకటి ముందునకును బోవును: 'మాటలాడుచున్నాము' అను అర్థముగల 'పార్-లోఁ' ఇట్టిది. కాని రెండవ హల్లు రేఫమో లకారమో అయి, మొదటిది తకార పకార బకారాదులలో నొకటి యైనపుడు ఆ జంట విడివడదు: 'ప్రవేశించుచున్నాము' అనునది 'ఆఁ-త్రోఁ' యే గాని 'ఆఁత్-రోఁ' కాదు. మన ఛందశ్శాస్త్రమున 'విప్ర' అన్నపుడు 'వి' గురువగుటకు కారణము పకారము వెనుకటి అచ్చును ఊనుటయే గదా. ఫ్రెంచి చెవి అట్టి జంటను మొత్తముగా ముందునకే త్రోయును. ముద్రాపకుల పద్ధతి మరికొంత వేరు. పంక్తి చివర మాట విరుగవలసివచ్చినపుడు వారు జంటగా వ్రాసిన హల్లుల నడుమ విరుతురు. పలుకుబడిలో అచ్చట ఒక్క హల్లే వినబడుచున్నను విరుతురు. ప్రక్కప్రక్కనున్న రెండచ్చుల నడుమ మాత్రము విరువరు.

ఈ సూత్రము ఒకే ప్రత్యయమును రెండు విధములుగా మార్చు రీతి మిక్కిలి రమ్యమైనది. 'షాఁత్యోఁ' అను రూపములో మనము చూచిన 'ఇ' ప్రత్యయము యకారమై తరువాతి అచ్చులో గలసిపోయినది. అందుచేత రెండే అక్షరములు. ఆ ప్రత్యయమే 'ప్రవేశించుచుంటిమి' అను రూపమునకు వచ్చినపుడు, ముందున్న తకార రేఫముల జంటను మోయవలసివచ్చి, తాను అచ్చుగానే నిలిచి, 'ఆఁ-త్రి-యోఁ' అని మూడక్షరముల పదమును జేయుచున్నది. ప్రాచీన ఫ్రెంచి కవులు ఇట్టిచోటులను గూడ కుదించియే లెక్కించెడివారు. 1637లో కొర్నేయ్ మహాకవి తన 'లె సీద్' నాటకమున, 'హంతకుడు' అను అర్థముగల 'మర్త్రియే' అను శబ్దమును మూడక్షరములుగా గూర్చినందుకు ఫ్రెంచి అకాడమీ పండితులు తప్పుపట్టిరి. కాని నాలుకకు సుకరమైనది కొర్నేయ్ మార్గమే. తరువాతి కవులు దానినే అనుసరించిరి.

ఇక ఫ్రెంచివారు మూకము, అనగా మూగది, అని పేరుపెట్టిన యొక ఎకారము గలదు. క్రియాపదములలో దీని సంచారము మెండు. 'నేను పాడుదును' అను రూపమును వ్రాతననుసరించి 'షాఁ-త-రే' అని మూడక్షరములుగా జదువవలెను. నడుమనున్న అస్ఫుటమైన అచ్చే ఆ మూక ఎకారము. పారిస్ నగరవాసి మాటల సందర్భమున దానిని మ్రింగివేసి 'షాఁత్‌రే' అని రెండక్షరములే పలుకును. అతడే 'అవకాశమున్న పాడుదుము' అను భావముగల రూపమును పలుకునపుడు మాత్రము, ఎంత త్వరపడినను, 'షాఁ-త-ర్యోఁ' అని మూడక్షరములను నిలుపుకొనును. ఒకే ధాతువు, ఒకే అచ్చు. ఒకచోట లోపించుటకును ఒకచోట నిలుచుటకును కారణమేమి? రెండవ రూపమున ఆ అచ్చు తొలగినయెడల తకారము, రేఫము, యకారము అను మూడు హల్లులు ఒకదానిపై నొకటి వచ్చి పడును. నాలుక దానిని సహింపదు. మోరీస్ గ్రామోఁ అను భాషాశాస్త్రవేత్త 1894లో ఈ నియమమును గుర్తించి దానికి 'మూడు హల్లుల సూత్రము' అని పేరిడెను. తరువాతి పండితులు ఈ సూత్రమునకు అపవాదములను జూపియుండిరి గాని, నేర్చుకొనువారికి ఇంతకంటె ఉపకరించు సూత్రము వేరొకటి నాకు గోచరింపదు. దక్షిణ ఫ్రాన్సు ప్రజలకు ఈ సూత్రముతో పనిలేదు. వారు ఆ అచ్చును మ్రింగక స్పష్టముగానే పలుకుదురు. కవిత్వములోను అది జీవించియున్నది. కొర్నేయ్, రాసీన్ మహాకవుల పన్నెండక్షరముల పాదమున, హల్లునకు ముందున్న మూక ఎకారము ఒక అక్షరముగా లెక్కకు వచ్చును. కాబట్టి 'వారు మాటలాడుచున్నారు' అను అర్థమున 'పార్ల్' అని వీధిలో ఏకాక్షరముగా వినబడునది, పద్యపాదము నడుమ 'పార్-ల' అని రెండక్షరములగును. అంగడిలో నొక కొలత, రంగస్థలమున నొక కొలత. నటుడు ఈ కొలత తప్పినచో పాదమే భగ్నమగును.

ఇంతవరకు చెవి గీసిన గీతను జూచితిమి. అర్థము గీయు గీతను జూచుటకు మన పూర్వుల కంటె సమర్థులైన గురువులు లేరు. 'భవిష్యతి' అను సంస్కృతక్రియను పాణినీయులు 'భూ' ధాతువు, 'ఇట్' అను ఆగమము, భవిష్యత్తును దెలుపు 'స్య', పురుషను దెలుపు 'తి' అని విడదీయుదురు. ఈ దృష్టితోనే ఇందాక చెప్పిన 'షాఁతర్యోఁ' అను రూపమును జూచినయెడల అది కన్నులకు గట్టినట్లు విడిపోవును: 'షాఁత్' ధాతువు, మూక ఎకారము దానికి తోడు, రేఫము భావిని దెలుపును, 'ఇ' గతమును దెలుపును, 'ఓఁ' మేమని దెలుపును. భావిబోధకమును భూతబోధకమును ఒకే పదమున జేరగా, జరుగునో జరుగదో తెలియని పనిని చెప్పు రూపమేర్పడినది! ఇంతటి చమత్కారము మూడక్షరములలో నిమిడియున్నది. 

ఆ రేఫము ఎచ్చటినుండి వచ్చినదను ప్రశ్నకు గల సమాధానము ఫ్రెంచి క్రియాచరిత్రలో అతిమనోహరమైన ఘట్టము. లాటిన్ భాషలో 'అతడు పాడును' అనుటకు 'కంతాబిత్' అనియు, 'అతడు పాడెను' అనుటకు 'కంతావిత్' అనియు రెండు రూపములుండెడివి. కాలక్రమమున ప్రజల నోట అచ్చుల నడుమనున్న బకారము వకారముగా మారగా, పాడబోవువాడును పాడినవాడును ఒకే విధముగా వినబడసాగిరి. అర్థము ఇట్లు సంకటమున బడినపుడు ప్రజలు పాత రూపమును విడిచి, 'పాడుట' అను తుమర్థకమునకు 'నాకు గలదు' అను సహాయక్రియను జోడించి, 'కంతారే హబేయో' – అనగా 'నాకు పాడవలసియున్నది' – అని చెప్పనారంభించిరి. ఆ రెండు మాటలు వాడుకలో అరిగి అరిగి ఒక్క మాటయై 'షాఁతరే' అయినవి. నేటికిని ఫ్రెంచి భవిష్యత్ ప్రత్యయములను వరుసగా జెప్పి, వాటి ప్రక్కన 'కలిగియుండు' అను క్రియయొక్క వర్తమానరూపములను వ్రాసి చూచిన, ఒకే కుటుంబమని స్పష్టమగును: 'నాకు గలదు' అనునది 'ఏ', 'పాడుదును' చివర 'ఏ', 'వారికి గలదు' అనునది 'ఓఁ', 'వారు పాడుదురు' చివర 'ఓఁ'. రేఫము పూర్వపు తుమర్థకమునకు మిగిలిన గుర్తు.

ఈ కలయికకు మిగుల ప్రాచీనమైన సాక్ష్యము ఏడవ శతాబ్దపు వృత్తాంతగ్రంథమొకదానిలో గలదు. అది ఫ్రెడెగార్ పేరున ప్రసిద్ధమైనది. పరాజితుడైన పారసీకరాజు తన దేశభాగముల నప్పగింప నిరాకరించి 'ఇయ్యను' అని పలుకగా, జస్టీనియన్ చక్రవర్తి 'దరాస్', అనగా 'ఇత్తువు', అని బదులుచెప్పెననియు, ఆ తావున వెలసిన నగరమునకు ఆ మాటయే పేరైనదనియు అందు కథ. కథ సత్యమో కాదో గాని, 'దరాస్' అను రూపము మాత్రము క్రొత్త భవిష్యత్తే. 842 ఫిబ్రవరి 14వ తేదీన స్ట్రాస్‌బూర్ వద్ద జర్మనీయుడైన లూయీ, తన సోదరుడగు చార్లెస్ సైన్యములకు అర్థమగునట్లు, వారి ప్రజాభాషలో ప్రమాణము చేసెను. దానిలో 'కాపాడుదును' అను అర్థమున 'సల్వరాయ్' అను క్రియ స్పష్టముగా గనబడుచున్నది. పోర్చుగీసు భాషలో ఆ అతుకు ఇంకను పూర్తిగా మూసికొనిపోలేదు: 'నీకిత్తును' అనుటకు శిష్టరచనలో 'దార్-తె-ఏయ్' అని, ధాతురూపమునకును ప్రత్యయమునకును నడుమ 'నీకు' అను సర్వనామమును నిలుపుదురు.

చెవి గీసిన గీత అర్థముతో నిమిత్తము లేకయే క్రొత్త హల్లులను బుట్టించుట గూడ గలదు. 'వచ్చుట' అను అర్థముగల 'వనీర్' నుండి 'వత్తును' అను రూపము 'వ్యేఁద్రే' అయినది. ఇందలి దకారము ధాతువులో లేదు, ప్రత్యయములోను లేదు. బలహీనమైన అచ్చు లోపించి నకార రేఫములు ఎదురుబడినపుడు, నాలుక ఒకదానినుండి మరియొకదానికి బోవుచు నడుమ దకారమును ధ్వనింపజేసినది. అర్థమును బట్టి విభజించువాడు దీనిని ఎటు జేర్చవలెను? మన చిన్నయసూరి బాలవ్యాకరణము జదివినవారికి ఈ చిక్కు లేదు. యడాగమ నుగాగమముల వలెనే ఇదియు నొక ఆగమమని నిశ్చింతగా జెప్పుదురు. 'మాటలాడుచున్నాడా అతడు?' అనునపుడు వినబడు 'పార్ల్-తీల్' లోని తకారమును ఇట్టి కొసరు హల్లే. పూర్వము ప్రథమపురుష చివర నిజముగా నుండి నశించిన తకారమునకు బదులుగా, దానిని నిలుపుకొన్న ఇతర క్రియలను జూచి, ప్రజలు మరల తెచ్చిపెట్టుకొన్నది. అక్షరవిభాగమున అది 'ఈల్' అను సర్వనామముతో బోవును.

ధాతువునే రెండు రూపములుగా జీల్చినది గూడ పలుకుబడియే. 'నేను బద్ధుడను' అనుటకు 'ద్వా', 'మేము బద్ధులము' అనుటకు 'దవోఁ'. 'నేను మరణించుచున్నాను' అనుటకు 'మోర్', 'మేము' అయినచో 'మురోఁ'. లాటిన్‌లో ఏకవచనమున స్వరము ధాతువు మీదను, ఉత్తమ మధ్యమ బహువచనములలో ప్రత్యయము మీదను బడెడిది. బలముగా పలుకబడిన అచ్చు ఒక దారిని మారినది. బలహీనముగా పలుకబడినది మరియొక దారిని బోయినది. ప్రాచీన ఫ్రెంచిలో ఇట్టి క్రియలు అనేకము. 'మాటలాడుట' అను అర్థముగల 'పార్లే' అను సామాన్యక్రియయే 'నేను' అనునపుడు 'పరోల్' అనియు, 'మేము' అనునపుడు 'పార్లోఁ' అనియు నుండెడిది. తరువాత ప్రజలు అన్ని పురుషలకును ఒకే ధాతురూపమును గోరి 'పార్ల్' అనుదానినే స్థిరపరచిరి. 'పరోల్' అనునది 'వాక్కు' అను నామవాచకముగా మాత్రము మిగిలినది. 'కనుగొనుట' అను క్రియకును ఇట్టి రెండు రూపములుండగా, మోల్యేర్ 1666 నాటి 'మిజాంత్రోప్' నాటకమున పాత రూపమును ప్రాసకొఱకు వాడుకొనెను. 'ముగించుట' వంటి క్రియలు మాత్రము ఈ చీలిక నుండి తప్పించుకొన్నవి. లాటిన్‌లో ఆరంభార్థమును దెలుపు నొక ప్రత్యయము వాటి ధాతువునకు దగిలి, స్వరమును దాని మీద ఎన్నడును బడనీయక, ధాతువును మార్పులేకుండ గాపాడినది. దాని అర్థము నశించినది. దాని ధ్వని మాత్రము 'ఫినిసోఁ' లోని సకారముగా నేటికిని వినబడుచున్నది.

పదము హద్దులను గూడ ఈ అక్షరవిభాగము లెక్కసేయదు. 'వారికి గలదు' అనునది 'ఈల్-జోఁ'. 'వారు ఉన్నారు' అనునది 'ఈల్-సోఁ'. మొదటిదానిలో సర్వనామపు బహువచనచిహ్నము, తనవెంట అచ్చు రాగా, మేల్కొని క్రియ యొడిలో జేరినది. రెండవదానిలోని సకారము క్రియకు జన్మసిద్ధము. ఒక్క ఊష్మధ్వని నాదమును బట్టి కలిమియో ఉనికియో నిర్ణయింపవలెను! సంస్కృతమునందు కృషి చేసిన జెనీవా ఆచార్యుడు సొస్యూర్, ఆయన మరణానంతరము 1916లో శిష్యులు ప్రకటించిన గ్రంథమున, ఇట్టి ఉదాహరణమునే చూపెను: 'సి-జ్ల-ప్రాఁ' అను ధ్వనిపరంపరను 'దానిని తీసికొన్నయెడల' అనియు, 'దానిని నేర్చుకొన్నయెడల' అనియు రెండు విధములుగా విడదీయవచ్చును. చెవికి భేదము లేదు, సందర్భమే విభజించును.

వ్రాతలో మాత్రమే బ్రదుకు భాగములను గూడ విస్మరింపరాదు. 'సృష్టింపబడినవి' అని స్త్రీలింగ బహువచనమున జెప్పు పదమున ధాతువు, కర్మణిప్రత్యయము, స్త్రీలింగచిహ్నము, బహువచనచిహ్నము అని నాలుగు భాగములను వ్రాయుదురు. వినబడునది 'క్రే-ఏ' అను రెండక్షరములు. 'కలిగియుండు' అను క్రియయొక్క భూతకృదంతము ఇంకను విచిత్రము: ఇకారమును బలుకుచు పెదవులను గుండ్రముగా జేసిన వచ్చు ఒక్క అచ్చే ఆ పదమంతయు. లాటిన్‌లోని మూడక్షరముల మాట అరిగి ఇంతయైనది. ధాతువు ధ్వని పూర్తిగా నశించి ప్రత్యయమే పదమై మిగిలినది.

'పాడుచున్నాను, పాడుచున్నావు, పాడుచున్నాడు, పాడుచున్నారు' అను నాలుగింటికిని ఫ్రెంచిలో వ్రాతలు మూడు, పలుకు ఒక్కటే: 'షాఁత్'. పురుషప్రత్యయములు చెవికి అందకపోవుటచేత ఆ బాధ్యత సర్వనామముపై బడినది. మనము 'వచ్చితిని' అన్న చాలును, 'నేను' అను మాట అక్కఱలేదు. ఫ్రెంచివాడు 'నేను'ను విడిచి క్రియను బలుకజాలడు.

1954 వరకు ఫ్రెంచివారి పాలనలోనున్న యానాములో తెలుగు ఇండ్ల పిల్లలు ఈ రూపములను బడిలో వల్లెవేసిరి. నేడు కళాశాలలలో ఈ భాషను అభ్యసించు తెలుగు విద్యార్థులకును, వారికి బోధించువారికిని నేను చేయు విన్నపమొక్కటి. ప్రతి క్రియారూపము క్రింద రెండు పంక్తులు వ్రాసికొనుడు. మొదటిదానిలో చెవికి వినబడిన అక్షరములను, అరసున్నతో సహా, మన తెలుగులిపిలోనే వ్రాయుడు. రెండవదానిలో ఫ్రెంచి వ్రాతను ధాతుప్రత్యయములుగా విడదీయుడు. 'షాఁతే' అను క్రియతో మొదలుపెట్టి, తరువాత 'వనీర్', ఆపైన 'ముగించుట' అను అర్థముగల 'ఫినీర్' తీసికొనుడు. మొదటి పంక్తిని గట్టిగా జదువకుండ రెండవ పంక్తి వ్రాయవలదు.